ఊరి చరిత్ర సంఘం పెట్టాలంటే: గది తర్వాత, ముందు రిజిస్టరు

మీ ప్రశ్న ఇదీ: దివిసీమలో చిన్న ఊరు మీది. పదిమంది కలిసి ఊరి చరిత్ర కోసం ఒక సంఘం పెట్టాలనుకుంటున్నారు. పాత కరణంగారి మేడ అమ్మకానికి వచ్చింది. దాని అటక మీద తాటాకు కట్టలు, లెక్కల పుస్తకాలు దొరికాయి. ఊళ్లోవాళ్లు కూడా పాత ఫొటోలు, ఇత్తడి సామాన్లు, నాణేలు ఇస్తామంటున్నారు. మూతపడ్డ బడిలో ఒక గది ఇస్తామని పంచాయతీవాళ్లు మాటిచ్చారు. మ్యూజియం ఎలా మొదలుపెట్టాలి, ఏమేం కొనాలి, ఎవరి అనుమతి కావాలి?

పాత పత్రాలు, గ్రంథాలయాల పనిలోనే నా ఉద్యోగ జీవితం గడిచింది. ఇలాంటి సంఘాలు మొదలవడమూ చూశాను, రెండేళ్లు తిరక్కుండా తలుపులు మూసుకోవడమూ చూశాను. అందుకే సూటిగా చెబుతున్నాను. గదికి రంగులు, అద్దాల బీరువాలు, ప్రారంభోత్సవం, ఇవేవీ ఇప్పుడు వద్దు. మొదటి డబ్బు ఒక గట్టి అట్ట రిజిస్టరుకి, ఒక మంచి స్కానరుకి పెట్టండి. మొదటి ఆరు నెలలు ఊళ్లో డెబ్బై, ఎనభై దాటినవాళ్ల దగ్గర కూర్చోవడానికి పెట్టండి. ఇత్తడి బిందె ఇంకో పదేళ్లు అటక మీద ఉన్నా ఏమీ కాదు. అది ఎవరి పెళ్లికి వచ్చిందో చెప్పగలిగిన మనిషి అన్నాళ్లు ఉంటారన్న నమ్మకం లేదు.

రిజిస్టరు గురించి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో ధాన్యం కొలిచే ఒక కుంచం తీసుకుని చూద్దాం. ఎవరో ఒకాయన మీకు పాత కుంచం తెచ్చి ఇచ్చాడనుకోండి. దాన్ని బల్ల మీద పెట్టి "పాతకాలపు కుంచం" అని చీటీ అంటిస్తే, అలాంటివి ప్రతి జిల్లాలోనూ వందలున్నాయి. అదే రిజిస్టరులో ఇలా రాశారనుకోండి: వరుస సంఖ్య 14. ఇనుప పట్టీల చెక్క కుంచం, ఒక పట్టీ ఊడిపోయింది, అడుగున పగులు. ఇచ్చినవారి పేరు, తేదీ. వాళ్ల ఇంట్లో ఎన్ని తరాలుగా ఉంది. దీంతో కొలిచింది అమ్మకం ధాన్యమా, కూలి గింజలా? కూలివాళ్లకు కొలిచే కుంచం వేరే ఉండేదా? కొలిచేటప్పుడు తలకొట్టి కొలిచేవారా, రాశిగా పోసేవారా? ఈ సంగతులు చెప్పిందెవరు, రాసుకున్నదెవరు? నాలుగు మానికలు ఒక కుంచం అని పుస్తకాలు చెబుతాయి. మీ ఊళ్లో ఎవరి చేతిలో ఎంత పట్టేదో మీ ఊరివాళ్లే చెప్పాలి. పొలం ఉన్నాయన చెప్పిన జవాబు, ఆ పొలంలో కోత కోసిన ఆవిడ చెప్పిన జవాబు కలవకపోతే రెండూ రాయండి. ఏది నిజమో అప్పటికప్పుడు తేల్చక్కర్లేదు.

వస్తువు మీ చేతికి వచ్చిన రోజునే ఈ వివరం ఎక్కాలి. "తర్వాత తీరిగ్గా రాద్దాం" అనుకున్నవి ఎప్పటికీ ఎక్కవు. వస్తువు మీద కూడా అదే సంఖ్య ఉండాలి. పెయింటుతోనో మార్కరుతోనో నేరుగా రాయొద్దు, నూలు దారంతో చీటీ కట్టండి. కాగితాలకు, ఫొటోలకు వెనకవైపు ఒక మూల మెత్తటి పెన్సిలుతో తేలిగ్గా రాస్తే చాలు. బాల్‌పెన్ ఒత్తిడి ముందువైపుకి తేలుతుంది, సిరా ఏళ్ల తరబడి పాకుతుంది.

ఇత్తడి, రాగి సామాన్ల గురించి ఒక మాట ముందుగానే ఊళ్లో చాటించండి: ఇచ్చే ముందు తోమొద్దు. సంఘానికి ఇస్తున్నాం కదా అని ప్రేమగా చింతపండు వేసి మెరిసేలా తోమి తెస్తారు. మన ఇళ్లలో గిన్నెల మీద, బిందెల మీద పేర్లు కొట్టించే అలవాటుంది. ఫలానావారి అమ్మాయి పెళ్లికి ఫలానావారి చదివింపు, ఒక్కోసారి తేదీతో సహా ఉంటుంది. ఏ ఊరితో వియ్యాలు నడిచాయో, ఏ ఇంటికి ఎవరు దగ్గరో చెప్పే ఆధారాలివి. చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు ప్రతి తోముడుకీ కొంచెం అరుగుతాయి. పొడి మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి, పక్క నుంచి వెలుతురు పడేట్టు టార్చి వాల్చి పట్టుకుని ఫొటో తీయండి. మామూలు వెలుగులో కనపడని అక్షరాలు నీడలతో లేచి వస్తాయి. గుడి గోడ మీద, ఊరి చివర రాయి మీద శాసనం ఉంటే కూడా ఇదే పద్ధతి. పొద్దెక్కకముందు గానీ సాయంత్రం గానీ ఏటవాలు ఎండలో తీయండి. అక్షరాల్లో సున్నం, సుద్దపొడి, పెయింటు నింపొద్దు. శాసనాలు చదివే నిపుణుల పనికి అది అడ్డు, రాయికీ చేటు.

ఇక అసలు సంగతి, ఎవరి జ్ఞాపకాలు పోగుచేస్తారు అన్నది. మన దగ్గర ఈ పని కొత్తది కాదు. రెండు వందల ఏళ్ల కిందటే ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ కాలిన్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన ఏలూరువారు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు ఊరూరా వివరాలు రాయించారు. అవే కైఫీయతులు. చాలా ఊళ్లకు రాతలో దొరికే మొదటి చరిత్ర అదే. మీ ఊరికీ, చుట్టుపక్కల ఊళ్లకీ కైఫీయతు ఉందేమో మొదట వెతకండి. కడపలోని సి.పి. బ్రౌన్ పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫీయతులు అచ్చువేసింది, గుంటూరు ప్రాంతానివీ అచ్చయ్యాయి. 1883లో గార్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ కూడా చూడండి, ఆయన వేరే మెకంజీ. 1922లో రాజమండ్రిలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. చరిత్రకారుడు కొమర్రాజు లక్ష్మణరావుగారి పేరు పెట్టుకున్న ఇంకో మండలి హైదరాబాదులో తెలంగాణ శాసనాలను సేకరించి అచ్చువేసింది. వేటపాలెంలో 1918లో కొందరు యువకులు మొదలుపెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం పాత పత్రికలను ఇప్పటికీ కాపాడుతోంది. దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. అంత చిన్న ఊళ్లో అది నిలబడటానికి కారణం గాంధీగారు వచ్చి వెళ్లడం కాదనే నా నమ్మకం. వచ్చిన ప్రతి పత్రికనూ వరుసగా పెట్టి, జాబితా రాసి, అడిగినవాళ్లకి తీసి ఇచ్చిన మనుషులు తరం తర్వాత తరం దొరికారు.

ఈ పాత పనులన్నిటి మీదా నాకు గౌరవం ఉంది. కానీ ఒక లోటు కళ్లకు కనపడుతూనే ఉంటుంది. కైఫీయతులకు సమాచారం ఎక్కువగా కరణాల కవిలెల (లెక్కల కట్టల) నుంచి, గుళ్ల నుంచి వచ్చింది. కాబట్టి వాటిలో దొరలున్నారు, మాన్యాలున్నాయి, దేవాలయాలున్నాయి. వాడలు లేవు. మీకు కూడా మొదట దొరికింది కరణంగారి అటకే! ఇప్పుడు జాగ్రత్తపడకపోతే మీ సంఘం చరిత్ర కూడా ఆ ఒక్క మేడ చరిత్రే అవుతుంది. కాగితం లేనంత మాత్రాన చరిత్ర లేనట్టు కాదు. తెలంగాణలో డక్కలివాళ్లు మాదిగలకు జాంబపురాణం చెబుతారు, కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు, కాకిపడగలవాళ్లు ముదిరాజులకు కథ చెబుతారు. చేర్యాల నకాషీ చిత్రకారులు వేసిన పటం విప్పి, బొమ్మ తర్వాత బొమ్మ చూపిస్తూ కులం పుట్టుకనీ వంశాలనీ పాడతారు. అది కూడా తరాలుగా నడిచిన జ్ఞాపకాల భాండారమే. మీ వైపు పిచ్చుకుంట్లవాళ్లు గానీ, జంగాలు గానీ ఏ కాలంలో ఊళ్లోకి వచ్చేవారో, ఎవరి ఇళ్ల ముందు పాడేవారో అడగండి. మీ కమిటీలో మాలపల్లె, మాదిగపల్లె, మత్స్యకారుల పేట, చాకలి, మంగలి ఇళ్ల నుంచి మనుషులుండాలి. పిలిచి కుర్చీ వేయడం సరిపోదు, రిజిస్టరు రాసే చేతుల్లో వాళ్ల చెయ్యి ఉండాలి. ఆడవాళ్లు సగం ఉండాలి. ఇది మర్యాద కోసం చెబుతున్న మాట కాదు. ఏ వీధి మనిషి వెళ్లి అడిగితే ఆ వీధిలోనే నోళ్లు విప్పుతారు.

ఇంటర్వ్యూలకు వెళ్లినప్పుడు "మన ఊరి చరిత్ర చెప్పండి" అని మొదలుపెట్టకండి. ఎవరిని అడిగినా గుడి స్థలపురాణం, జమీందారు కథ చెప్పి ఊరుకుంటారు. చిన్న చిన్న ప్రశ్నలు వేయండి. మీ చిన్నప్పుడు మంచినీళ్లు ఏ బావివి? ఆ బావి దగ్గర ఎవరు తోడుకునేవారు, ఎవరికి ఎవరు పోసేవారు? కరెంటు ముందు ఏ వీధికి వచ్చింది? పురుడు ఎవరు పోసేవారు, ఆవిడకి ఏమిచ్చేవారు? బడికి ఏ దారిన వెళ్లేవారు, ఎక్కడ కూర్చోబెట్టేవారు? బావి ప్రశ్న ఒక్కటీ చాలు, గంట మాట్లాడతారు.

తేదీలు అడిగితే ఎవరూ చెప్పలేరు. గుర్తు పట్టుకుని అడగాలి. మీ ప్రాంతంలో ఆ గుర్తు చెప్పనక్కర్లేదు: 1977 నవంబరు 19, ఉప్పెన. "మీ పెళ్లి ఉప్పెనకు ముందా, తర్వాతా?", "ఈ ఇల్లు ఉప్పెనకు ఉందా?" అంటే చటుక్కున జవాబు వస్తుంది. ఇంకో పాత గుర్తుకి 1948 పోలీసు యాక్షన్ నాటి మాటలు, నైజాం నుంచి వచ్చిన కాందిశీకుల కథలు ఎవరికైనా తాతల నోట విన్నవి ఉండొచ్చు. అయితే ఉప్పెన గురించి అడిగేటప్పుడు మాత్రం నెమ్మది. ఆ రాత్రి పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. మొదటి రోజే అడగొద్దు. వాళ్లంతట వాళ్లు ఎత్తితే వినండి. ఏడుస్తుంటే రికార్డింగ్ ఆపి, కొనసాగించాలో వద్దో వాళ్లనే అడగండి. "ఇది బయట పెట్టొచ్చా, మా దగ్గరే ఉంచాలా, మీ తదనంతరమే బయటపెట్టాలా" అని అడిగి, వాళ్లు చెప్పిన మాట రికార్డింగులోనే ఉండేట్టు చూడండి. ఆ మాట మీద నిలబడితేనే ఊరు మీ సంఘాన్ని నమ్ముతుంది.

పరికరం ఫోనే చాలు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఫ్యాను ఆపి, చొక్కాకి తగిలించే చిన్న మైకు వాడండి. మొదట్లోనే మీరు గట్టిగా చెప్పండి: ఈ రోజు తేదీ, ఊరు, మాట్లాడుతున్నవారి పేరు, వయసు, అడుగుతున్నవారి పేరు. ఆ ఫైలు వాట్సాప్‌లో మామూలుగా పంపుకుంటే నాణ్యత పడిపోవచ్చు. ఒరిజినల్‌ని కంప్యూటర్లోకి ఎక్కించాకే మిగతా పనులు.

ఫొటోల దగ్గరికి వద్దాం. మీ ఊరి పాత ఫొటోలు చాలావరకు మీ ఊళ్లో ఉండకపోవచ్చు. ఉప్పెనలో ఇళ్లతో పాటు పోయినవి పోగా, మిగిలినవి ఎక్కడుంటాయో ఆలోచించండి. పెళ్లి చేసుకుని వేరే ఊళ్లకు వెళ్లిన ఆడపిల్లల పెట్టెల్లో ఉంటాయి. పుట్టింటి గుర్తుగా తీసుకెళ్లినవి వాళ్లే దాచుకున్నారు. అలాగే హైదరాబాదు, విజయవాడ, అమెరికా వెళ్లినవాళ్ల ఆల్బముల్లో ఉంటాయి. వీళ్లంతా ఒక్కచోట దొరికేది సంక్రాంతికే. భోగి నాడు మధ్యాహ్నం నుంచి కనుమ దాకా బడి వరండాలో రెండు బల్లలు, ఒక స్కానరు, రిజిస్టరు పెట్టుకుని కూర్చోండి. ఫొటో తెచ్చినవాళ్ల ఎదుటే స్కాన్ చేసి అప్పుడే తిరిగి చేతికివ్వండి. ఒరిజినల్ మీకు ఇమ్మని అడక్కండి. అడిగితే తీసుకురారు, ఇచ్చినా రేపు వాళ్ల తమ్ముడొచ్చి గొడవ పెడతాడు. 600 డీపీఐకి (స్కాన్ స్పష్టత కొలత) తగ్గకుండా, టిఫ్ ఫైలుగా స్కాన్ చేయండి. అద్దానికి అంటుకుపోయిన ఫొటోని పీకొద్దు, అద్దంతోనే ఫొటో తీసుకోండి. చిరిగినవాటికి సెల్లోటేప్ వద్దు, లామినేషన్ అసలే వద్దు. లామినేషన్ చేశాక వెనక్కి తీసే దారి లేదు.

ఫొటోలో ఉన్నది ఎవరని అడిగి ఊరుకోకండి. స్టూడియోలో తీయించుకున్న ఒక పాత దంపతుల ఫొటో చూపిస్తే, ఒక పెద్దావిడ నాకు ముందు చెప్పింది మనుషుల పేర్లు కాదు. ఆ కుర్చీ స్టూడియోది, కట్టుకున్న చీర పక్కింటావిడది, మెళ్లో గొలుసు ఆడపడుచుది, వాచీ మాత్రం ఆయనదే అంది. ఆ నాలుగు ముక్కలతో ఆ కాలపు ఇరుగుపొరుగు సంగతి ఎంత తెలిసిందో! అందుకని చీర, చెప్పులు, కుర్చీ, వెనక గోడ అన్నీ అడగండి.

కరణంగారి అటక సంగతి. తాటాకు కట్టల్ని దయచేసి ఇప్పుడే విప్పకండి. మేడ ఎత్తు మీద ఉండటం వల్ల ఉప్పెన నీళ్లు తగల్లేదన్నారు కానీ, తీరం గాలిలో తేమ చాలు ఆకులు అంటుకుపోవడానికి. అంటుకున్న ఆకుల్ని చాకుతో విడదీస్తే అక్షరాల పొర ఊడి వస్తుంది. ఎండిపోయిన తాడు లాగితే రంధ్రం దగ్గర ఆకు చీలుతుంది. ఎండలో ఆరబెట్టొద్దు, నూనె రాయొద్దు. నిమ్మగడ్డి నూనె రాయడం నిజంగా ఉన్న పద్ధతే, కానీ గంటంతో గీసిన ఆకు వేరు, సిరాతో రాసినది వేరు, ఎంత రాయాలో తెలిసినవాళ్ల చేతిలోనే అది మందు. ప్రస్తుతానికి కట్టను ఉన్నదున్నట్టు అన్ని వైపులా ఫొటో తీసి, గంజి పోయేలా ఉతికి ఆరేసిన నూలు గుడ్డలో వదులుగా చుట్టి, నేలకు ఎత్తులో, గోడకు దూరంగా పెట్టండి. పైకి పురుగు పొడి రాలుతున్న కట్టల్ని మిగతావాటికి దూరంగా వేరే పెట్టెలో ఉంచండి. తర్వాత పాత రాతప్రతులను దాచే ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయంవాళ్లకి రాస్తే ఎలా శుభ్రం చేయాలో, నకలు ఎలా తీయాలో చెబుతారు. కట్టల్లో ఉన్నది పురాణం కావచ్చు, వైద్యం కావచ్చు, వట్టి శిస్తు లెక్క కావచ్చు. శిస్తు లెక్క అని తేలితే నిరాశపడకండి. మీ ఊరికి సంబంధించినంతవరకు అదే అన్నిటికంటే విలువైనది. భారతం ప్రతులు చాలాచోట్ల ఉన్నాయి, మీ ఊరి చెరువు మరమ్మతు లెక్క ఇంకెక్కడా ఉండదు.

కాగితం లెక్కల పుస్తకాల్లో ఒక చిక్కుంది. 1984లో కరణాలు, మునసబుల పదవులు రద్దయ్యాయి. అప్పుడు ప్రభుత్వ రికార్డులన్నీ అప్పగించాల్సి ఉన్నా, కొన్ని ఇళ్లలోనే ఉండిపోయాయి. పంటల లెక్క రాసే అడంగళ్లు, సర్వే పటాలు, డైగ్లాట్ (రెండు భాషల్లో రాసిన భూముల రిజిస్టరు) లాంటివి కనిపిస్తే అవి ఆ కుటుంబం ఆస్తీ కాదు, మీ సంఘం ఆస్తీ కాదు. జాబితా రాసి తహసీల్దారుకి రాతపూర్వకంగా తెలియజేయండి. వాటిని ప్రదర్శనలో పెట్టొద్దు, పేజీల ఫొటోలు గ్రూపుల్లో తిప్పొద్దు. భూమి తగాదాలున్న ప్రతి ఇంటివాళ్లూ మీ దగ్గరికి వస్తారు, సంఘం రెండు పార్టీలవుతుంది. సొంత ఉత్తరాలు, ఇంటి ఖర్చుల పద్దులు, శుభలేఖలు మాత్రం కుటుంబంవాళ్లవి, వాళ్ల ఒప్పుదలతో తీసుకోవచ్చు.

అనుమతుల సంగతి కూడా చెప్పేస్తాను. మీకు దగ్గర్లోనే ఘంటసాల ఉంది, ప్రాచీన బౌద్ధ స్థలం. మీ పొలాల్లో కూడా పాత ఇటుకలు, నాణేలు, శిల్పాలు బయటపడే అవకాశం ఉన్న నేల అది. నేలలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలపాలని 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం చెబుతుంది. మీరు దాన్ని బీరువాలో పెట్టుకోకూడదు. వందేళ్లు దాటిన వస్తువులు, 75 ఏళ్లు దాటిన రాతప్రతులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు. రాతి, లోహ విగ్రహాలకైతే రిజిస్ట్రేషన్ ఉంది. విగ్రహాల జోలికి అసలు పోకపోవడమే మంచిది, గుడివి గుడిలోనే ఉండనివ్వండి. సంఘాన్ని 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరు చేయించుకోవడానికి ఏడుగురు సభ్యులు చాలు. నియమావళిలో రెండు వాక్యాలు తప్పకుండా రాయించండి. సంఘం మూతపడితే వస్తువులు ఏ గ్రంథాలయానికి లేదా మ్యూజియానికి వెళ్తాయన్నది ఒకటి, కమిటీ తీర్మానం లేకుండా ఏ వస్తువూ గది దాటకూడదన్నది రెండోది. ఇచ్చేవాళ్ల దగ్గర పత్రం తీసుకునేటప్పుడు పూర్తిగా ఇచ్చారా, దాచడానికి ఇచ్చారా అన్నది తేల్చి రాయండి. ఇంట్లో మిగతా వారసుల సంతకాలు కూడా ఉంటే మీకు టెన్షన్ ఉండదు.

బడి గదికి ఖర్చు పెట్టాల్సింది కప్పు కారకుండా చూడటానికి, కిటికీలకు దోమతెర కొట్టించడానికి. ఇనుప బీరువాలు గోడకు ఆనకుండా, ఇటుకల మీద ఎత్తి పెట్టండి. మీది ఉప్పెన తగిలిన ఊరు కాబట్టి కింది అరలో ఏదీ పెట్టొద్దు. వానాకాలం వెళ్లగానే ఏటా అన్నీ తీసి పురుగు, బూజు చూసుకోవాలి. స్కాన్లు, రికార్డింగులు మూడు చోట్ల ఉండాలి: సంఘం కంప్యూటర్లో ఒకటి, విడి హార్డ్‌డిస్కులో ఒకటి, మీ ఊరికి దూరంగా హైదరాబాదులోనో ఇంకెక్కడో ఉన్న సభ్యుడి దగ్గర ఒకటి. రిజిస్టరును కూడా నెలకోసారి స్కాన్ చేసి ఆ మూడు చోట్లా పెట్టండి. గది తాళాలు ఇద్దరి దగ్గరుండాలి, ఆ ఇద్దరూ ఒకే వీధివాళ్లు కాకుండా చూసుకోండి.

ఈ వారంలో చేయాల్సింది మాత్రం ఒకటుంది. కరణంగారి మేడ కొన్నవాళ్లు పడగొట్టేలోపు ఆ అటకను ఎక్కడిదక్కడే ఫొటోలు తీయండి, ఏ మూల ఏ కట్ట ఉందో కాగితం మీద గీసుకోండి. ఆ తర్వాతే కట్టలు కిందికి దించండి. ఫొటోలు ఇక్కడ పెడితే ఏది ముందు బయటికి తీయాలో చూసి చెబుతాను.